అద్దాల మధ్య నంబరు లేని నోటు

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో, ఉల్లిపాయల కొట్టుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక చెక్క డబ్బా ఉండేది. పేరుకే కొట్టు. లోపల ఒక మనిషి కూర్చుంటే మోకాళ్లు సందులోకి వచ్చేవి. పైన రేకు బోర్డు మీద ‘చిరిగిన నోట్లు మార్చబడును’ అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉండేది. ఆ మోకాళ్లు ఇద్రీస్‌వి.

ఎలకలు కొరికిన నోట్లు, చొక్కాతోపాటు ఉతికేసిన నోట్లు, హార్బరులో చేపల బుట్టల అడుగున నాని ముద్దయిన నోట్లు, మొగుడూ పెళ్లాం చెరో కొసా పట్టుకుని లాగితే రెండైన నోట్లు, అన్నీ అక్కడికే వచ్చేవి. ఇద్రీస్ వాటిని తడి గుడ్డ మీద పరిచి, పొర విడదీసి, గాలిపటం కాగితంలోంచి సన్నని పట్టీ కోసి మైదా జిగురుతో అతికేవాడు. తన కమీషను పట్టుకుని చెల్లే నోటు చేతిలో పెట్టేవాడు. ఆ అతుకుల కట్ట వారానికోసారి బ్యాంకుకి వెళ్లేది. అతనికి కూడు పెట్టింది ఆ పనే. పేరు తెచ్చింది మాత్రం వేరే పని.

నోట్లు అచ్చేసే యంత్రం కూడా పొరపాటు పడుతుంది. కాగితం మడతపడి లోపలికి వెళితే, విప్పాక మధ్యలో తెల్లటి చార మిగులుతుంది. కోత దగ్గర మూల ముడుచుకుంటే ఆ మూల తోకలా పొడుచుకొస్తుంది. ఒకే నోటు మీద రెండు వేరువేరు నంబర్లు పడతాయి. తనిఖీలో ఇలాంటివన్నీ ఏరి పారేస్తారు గానీ, ఎప్పుడో ఒకటి కళ్లుగప్పి బజార్లోకి వచ్చేస్తుంది. వాటిని పోగుచేసే వెర్రివాళ్లు కొందరున్నారు. పది రూపాయల నోటుకి వందలు పోస్తారు. తప్పుకి ధర పలుకుతుందని తెలిశాక తప్పుల్ని ఇంట్లో తయారుచేసేవాళ్లు ఊరుకుంటారా? బ్లేడుతో నంబరు గీకేవాళ్లు, మూడుని ఎనిమిది చేసేవాళ్లు, మూలలు అతికేవాళ్లు బయల్దేరారు. ఏది యంత్రం చేసిన తప్పో, ఏది మనిషి చేసిన పనో చెప్పగలిగినవాడు ఆ రోజుల్లో ఊరు మొత్తానికి ఇద్రీస్ ఒక్కడే.

ఎలా చెప్పేవాడో ఒక్కటి చూస్తే చాలు. ఒకసారి ఓడ మీద పనిచేసే మనిషి ఒకడు తోక ఉన్న నోటు తెచ్చి పెద్ద ధర అడిగాడు. కొనడానికి సీతమ్మధార నుంచి గురునాథరావు గారు వచ్చి నిలబడ్డారు. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు, నోట్ల పిచ్చి ఉన్న పెద్దమనిషి. ఇద్రీస్ ఆ నోటుని అటూ ఇటూ తిప్పలేదు, ఎండకి పెట్టలేదు. తను తాగుతున్న గ్లాసులోని మంచినీళ్లలో ముంచేశాడు. ఓడ మనిషి లబోదిబోమన్నాడు. రెండు నిమిషాలకి తోక ఊడి నీళ్ల మీద తేలింది. ఆ మనిషి నోటూ తోకా అక్కడే వదిలేసి మార్కెట్టులో జనంలో కలిసిపోయాడు. గురునాథరావు గారు అప్పట్నుంచి ఇద్రీస్ తల ఊపితే తప్ప పైసా తియ్యలేదు. ‘ఇద్రీస్ వేలు తప్పదు’ అని ఆయనే ఊరంతా చాటారు.

ఆ వేలికి పని నేర్పిన ఉస్తాద్ పేరు జిలానీ బాషా. ఆ డబ్బా ఆయనదే. 1970లో, ఇరవై ఏళ్ల వయసులో, నా అన్నవాళ్లెవరూ లేని ఇద్రీస్ ఆయన దగ్గర చేరాడు. పిల్లల్లేని జిలానీ బాషా, ఆయన భార్య రసూల్ బీ అతన్ని కొడుకులా చూసుకున్నారు. చేరిన మొదటి రోజునే ఉస్తాద్ ఒక పది రూపాయల నోటు తీసి చూపించాడు. దాని మీద నంబరు లేదు. రెండుచోట్ల ఉండాల్సిన నంబరు రెండుచోట్లా లేదు. ఇలాంటిది జన్మకొకటి దొరుకుతుందన్నాడు. ఇద్రీస్‌ని కళ్లు మూసుకోమని, అతని చూపుడు వేలు పట్టుకుని నోటు వెనకవైపు మెల్లిగా నడిపించాడు. వేలికి సన్నని గరుకు తగిలింది.

“తెలిసిందా? నంబరు అచ్చువేసే దిమ్మె గట్టిగా దిగుతుంది. సిరా అయిపోయినా దిమ్మె దిగడం మానదు కదా. కాబట్టి అసలైన తప్పుకి నంబరు కంటికి కనపడదు, వెనక వేలికి తగులుతుంది. వేలికి తగల్లేదంటే అది మనిషి చేసిందే. నంబరు చెరిపేసి, ఇస్త్రీ పెట్టి అణిచేశాడన్నమాట,” అన్నాడు ఉస్తాద్.

ఇద్రీస్ ఆ గరుకుని వేలి చివర దాచుకున్నాడు. ఆ నోటుని ఎన్నడూ ఎండకి పెట్టి చూడలేదు. ఉస్తాద్ దాచుకున్న వస్తువుని తీసి పరీక్షగా చూడటమంటే ఉస్తాద్‌ని పరీక్షించినట్టే కదా అని అతని లెక్క. నాలుగేళ్లకి జిలానీ బాషాకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచంలోంచి పనిచేసే ఒక్క చెయ్యీ ఎత్తి, గోడకి తగిలించిన ఆ నోటు వైపే చూపిస్తుండేవాడు. ఇద్రీస్ ఆయన చెయ్యి పట్టుకుని, దాన్ని ఎవరికీ అమ్మనని మాట ఇచ్చాడు. ప్రాణం పోయినా అమ్మనని ఒట్టు వేశాడు. ఆయన తల అడ్డంగా ఊపి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అది చూసి ఇద్రీస్ ఇంకా కరిగిపోయి, మర్నాడే ఆ నోటుని రెండు గాజు పలకల మధ్య బిగించి, చుట్టూ ఇత్తడి పట్టీ కొట్టించి డబ్బాలో తలకి పైగా తగిలించాడు. ఆ వారంలోనే ఉస్తాద్ పోయాడు.

ఇక 1979కి వద్దాం. ఆ ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం సూరన్న అనే మనిషి డబ్బా ముందుకొచ్చాడు. సబ్బవరం పక్క పల్లెలో పుట్టి, పోర్టులో కలాసీగా చేరి, గోపాలపట్నంలో కాపురం పెట్టాడు. తల్లీ, భార్య జోగమ్మా, తమ్ముడు గంగరాజూ అతనితోనే ఉంటారు. తమ్ముడికి ఉక్కు ఫ్యాక్టరీ నేల చదును చేసే కాంట్రాక్టరు దగ్గర కొత్తగా పని దొరికింది. మొదటి జీతంలో వచ్చిన పది రూపాయల నోటు మీద నంబరు లేదు. కిళ్లీ కొట్టువాడు కూడా తీసుకోకపోతే, అన్నకి ఇచ్చి ఎక్కడైనా చూపించమన్నాడు. పోర్టులో ఎవరో గురునాథరావు గారి పేరు చెప్పారు. నోటు అసలుదని ఇద్రీస్ అంటే, అన్నదమ్ములిద్దరి ఆర్నెల్ల జీతం ఎంతో అంత ఇస్తానని ఆయన కూడా వెంట వచ్చారు. వాళ్లలో వాళ్లు అప్పటికే రెండు పాడిగేదెలు కొనేసుకున్నారు, మాటల్లో.

ఇద్రీస్ నోటు అందుకున్నాడు. ఎండకి పెట్టి చూశాడు. కాగితం ఎక్కడా పలచబడలేదు. నంబరు ఉండాల్సిన చోట నంబరు కింద పరిచినట్టు అచ్చువేసే అడుగు రంగు గీతలు ఒక్కటి కూడా తెగకుండా వెళుతున్నాయి. మచ్చ లేదు, నూగు లేదు. బాగుందే అనుకున్నాడు. ఆ మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు కళ్లు మూసుకుని వెనకవైపు వేలు నడిపించాడు. ఏమీ తగల్లేదు. నున్నగా, తడిపి ఆరేసిన పలకలా ఉంది. మళ్లీ నడిపించాడు. ఏమీ లేదు.

తల పైకెత్తి గాజు పలకల మధ్య ఉన్న ఉస్తాద్ నోటు వంక చూశాడు. అదుగో, అక్కడే తన కళ్లని తను నమ్మకుండా పోయాడు. గీతలు తెగలేదంటే ఇది బ్లేడు పని కాదు, ఏదో కొత్త మందు వచ్చి ఉంటుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మనిషి తెలివైనవాడైతే ఎంత చదువు తల్లో ఉన్నా దాన్నంతా తప్పుని నిలబెట్టడానికే వాడతాడు కాబోలు.

“చేసిన నోటు ఇది. చేసినవాడు గట్టి పనివాడు,” అన్నాడు.

గురునాథరావు గారు పర్సు జేబులో పెట్టేసుకున్నారు. చుట్టూ చేరిన పదిమందిలో ఎవరో నవ్వారు. సూరన్న మొహం మాడిపోయింది.

“అంటే మనిసి సేత్తే అయిందా ఇది? బాగా సూడు బావా. నా తమ్ముడు తెచ్చినాడు. జీతంలో ఇచ్చినారని సెప్పినాడు,” అన్నాడు సూరన్న.

“నా వేలు అబద్ధం చెప్పదు సూరన్నా. ఎవడు చేశాడో నీ తమ్ముణ్ణే అడుగు,” అన్నాడు ఇద్రీస్.

ఆ చివరి మాట అక్కర్లేదు. నోటు గురించి అడిగితే నోటు గురించి చెప్పి ఊరుకోవచ్చు. పదిమంది చూస్తున్నారు, గురునాథరావు గారు మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు. ఆ ఊపులో వచ్చేసింది. సూరన్న నోటు మడిచి రుమాల్లో కట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఇద్రీస్ ఆ మాట మర్చిపోయాడు. ఆరేళ్లపాటు అది అతనికి మళ్లీ గుర్తు రాలేదు.

1985లో వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఉల్లిపాయల లారీ ఒకటి సందులోకి వెనక్కి వస్తూ డబ్బా గోడకి తగిలింది. ఇద్రీస్ మోకాళ్లు లాక్కుని బతికాడు గానీ, తల మీద నుంచి గాజు పలకలు జారి నేల మీద పడి ముక్కలయ్యాయి. లారీ వాడి మీద అరుద్దామన్న సంగతి కూడా మర్చిపోయి, గాజు పెంకుల మధ్య నుంచి ఉస్తాద్ నోటుని రెండు వేళ్లతో ఎత్తాడు. పెంకు నలుసులు ఏమైనా అంటుకున్నాయేమోనని, వానమబ్బు విడిచిన ఎండకి పెట్టి చూశాడు. అలవాటు చొప్పున చూశాడంతే.

నంబరు ఉండాల్సిన రెండుచోట్లా వెలుతురు తెల్లగా పొడుచుకొచ్చింది. కాగితం అక్కడ ఉల్లిపొరలా ఉంది. అడుగు రంగు గీతలు ఆ చోటికి వచ్చి తెగిపోయి, మళ్లీ అవతల మొదలవుతున్నాయి. తెగిన చోట ఎవరో సన్నని కలంతో, బహు ఓపికగా, గీతలు కలపబోయి సగంలో వదిలేశారు. బ్లేడు పని. నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడు కూడా పట్టేసే బ్లేడు పని.

ఇద్రీస్ ఉల్లిపాయల మూట మీద కూలబడ్డాడు. ఎండలోంచి దింపి మళ్లీ పెట్టాడు. వెనక్కి తిప్పి వేలు నడిపించాడు. గరుకు అలాగే ఉంది. ఉండదూ మరి? నంబరు పడింది కాబట్టి దిమ్మె గుర్తు ఉంది. పడిన నంబరుని పైనుంచి గీకేశారు కాబట్టి సిరా లేదు. వెనక గుర్తు పోలేదు. అసలు దిమ్మె కిందికే వెళ్లని నోటుకి వెనక గుర్తు ఎక్కణ్ణుంచి వస్తుంది? నున్నగానే ఉంటుంది. ఇంత చిన్న సంగతి. పదకొండేళ్లు ఆ నోటు కింద కూర్చుని కూడా తోచని సంగతి.

డబ్బా మూసేయకుండానే ఇంటికి పరుగెత్తాడు. రసూల్ బీ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో మెరిగలు ఏరుతోంది. వాళ్ల ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

“అమ్మీ, ఇది ఉస్తాద్‌కి ఎక్కడ దొరికింది?” అని నోటు ఆమె ముందు పెట్టాడు.

“దొరకడమేమిటి? ఇక్కడే, ఈ గుమ్మంలో కూర్చుని వారం రోజులు గీకాడు. నువ్వు చేరడానికి ముందు నెలలో,” అంది ఆమె.

ఆమె చాట పక్కన పెట్టి అతని మొహం చూసి కంగారుపడింది.

“ఏం, నీకు తెలీదా? వాళ్ల పనిలో అది ఆనవాయితీ. శిష్యుడు చేరిన రోజున ఉస్తాద్ ఒక అబద్ధం పాఠం చెబుతాడు. ఆ అబద్ధాన్ని శిష్యుడు తనంతట తను పట్టుకుని, తప్పు ఉస్తాద్ అని మొహం మీద చెప్పిన రోజున అతనికి పని వచ్చినట్టు. మీ ఉస్తాద్‌కి వాళ్ల ఉస్తాద్ అతికిన మూల ఒకటి అసలుదని చెప్పాడట. మూడో నెలలో పట్టేశాడు. నీ గురించి రోజూ అడిగేదాన్ని. ఇవాళ కాకపోతే రేపు పడతాడనేవాడు. నాలుగేళ్లు అదే మాట. ఆ తర్వాత ఆయన మాటే పడిపోయె.”

“మరి మంచంలోంచి చెయ్యి చూపించింది...”

“అదే చెప్పాలని చూశాడు బిడ్డా. నువ్వేమో అమ్మను అమ్మను అంటావు. ఆయనేమో ఏడుస్తాడు. శిష్యుడే పట్టుకోవాలి గనక నేను నోరు మెదపలేదు. తర్వాత నువ్వు దాన్ని అద్దాల్లో పెట్టిస్తే, తెలిసే ఆయన గుర్తుగా పెట్టుకున్నావనుకున్నాను.”

ఇద్రీస్ గోడకి చేరగిలబడ్డాడు. ఉస్తాద్ మీద కోపం రాలేదు, అదే అతనికి ఆశ్చర్యం. ఆ పాఠం పదిహేనేళ్లలో ఎన్నిసార్లు వాడాడో వెతుక్కున్నాడు. నంబరు లేని నోటు జన్మకొకటి. అతని చేతికి రెండోది ఒక్కసారే వచ్చింది. ఎండలో నిలబెట్టిన ఆ నోటు, దాని తెగని గీతలు, పక్కన మాడిపోయిన మొహం, తను అన్న చివరి మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అప్పుడు భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే గోపాలపట్నం వెళ్లి, పోర్టు కలాసీ సూరన్న ఇల్లు ఎక్కడని అడుగుతూ పట్టుకున్నాడు. రెండు గదుల పెంకుటిల్లు. ఒక గదికి బయటనుంచి తాళం, ఆ తాళానికి తుప్పు. సూరన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. ఇద్రీస్‌ని గుర్తుపట్టి, జోగమ్మ చేత మంచినీళ్లు ఇప్పించాడు. ఇద్రీస్ ఆ నీళ్లు తాగకుండా చేతిలోనే పట్టుకుని, జరిగిందంతా ఒక్క ఊపున చెప్పేశాడు. ఉస్తాద్ నోటు, గరుకు, బ్లేడు, అబద్ధం పాఠం, అన్నీ.

సూరన్న అర్థం కానట్టు చూశాడు.

“నువ్వేటి బావా, ఇపుడొచ్చి తప్పంతన్నావు. తప్పేటి నేదు. ఆడే ఒప్పుకున్నాడు కదా,” అన్నాడు.

“ఎవరు?”

“నా తమ్ముడు. గంగరాజు. నీకాణ్ణించి వచ్చిన సాయంకాలమే అడిగినాను. అమ్మ మీద ఒట్టేసి నాను సెయ్యనేదన్నాడు. ఇద్రీస్ మాట తప్పదురా, మరెవుడు సేసినాడో సెప్పమన్నాను. ఆ రాత్రే బట్టలట్టుకుని ఎల్లిపోనాడు. రెండేళ్లకి అమ్మ మంచాన పడితే, నాను డూటీకెల్లినపుడు సూడ్డానికొచ్చినాడు. అప్పుడు అమ్మ కాడ ఒప్పుకున్నాడు, నానే సేసినానని. జోగమ్మ కూడా ఇన్నాది.”

ఒక్క క్షణం ఇద్రీస్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. దాచుకోవడం ఎందుకు, సంతోషమే వేసింది. తను చెప్పింది నిజమేనన్నమాట, ఆ కుర్రాడు నిజంగానే చేశాడన్నమాట అనుకున్నాడు. ఆ సంతోషానికి తర్వాత బతికినన్నాళ్లూ సిగ్గుపడ్డాడు.

“నోటు ఉందా?” అని అడిగాడు.

ఉంది. జోగమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి రుమాలు తెచ్చింది. ఆరేళ్ల కిందట కట్టిన ముడి అలాగే ఉంది. తమ్ముడు దొంగ అని తనకి తనే గుర్తుచేసుకోవడానికి దాచానన్నాడు సూరన్న. ఇద్రీస్ ముడి విప్పి, ముంగిట్లోకి నడిచి, నోటుని ఎండకి పెట్టాడు. ఈసారి కళ్లతోనే చూశాడు. గీతలు ఒక్కటి కూడా తెగలేదు. కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే మందం. వెనక నున్నగా ఉంది. దీని మీద ఏ మనిషీ చెయ్యి పెట్టలేదు, ఏ మందూ పడలేదు. దేశంలో ఇలాంటివి ఎన్నున్నాయో గానీ, ఇది యంత్రం మర్చిపోయిన నోటు. అచ్చంగా అసలుది.

“సూరన్నా, ఇది ఎవరూ చేసింది కాదు. నీ తమ్ముడు చెయ్యలేదు. చెయ్యాలన్నా చెయ్యలేడు. నేను కూడా చెయ్యలేను,” అన్నాడు.

“మరెందుకు ఒప్పుకున్నాడు?” సూరన్న గొంతు పెద్దదయింది. “సెయ్యనోడు సేసినానని ఎందుకంతాడు?”

జవాబు జోగమ్మ దగ్గర ఉంది. తలుపు చెక్క పట్టుకుని నిలబడి, ఎవరి వంకా చూడకుండా మొగుడితో చెప్పింది.

“అత్త అడిగింది. ఒప్పేసుకో నాయినా, ఒప్పుకుంటే పెద్దోడు నిన్ను ఇంట్లోకి రానిత్తాడు, మీ ఇద్దర్నీ ఒక్కకాడ సూసి సచ్చిపోతాను అంది. ఆడు సానాసేపు ఊరుకుని, సరేలేమ్మా, నానే సేసినాను అన్నాడు. నాను అక్కడే ఉన్నాను. ఆడి మొగం సూసినాను. నీకు సెప్తే నువ్వు ఇన్నేదు.”

ఇద్రీస్ సూరన్న వైపు తిరిగాడు. “ఒప్పుకున్నాక రానిచ్చావా?”

సూరన్న అరుగు మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. “దొంగనని ఆడే అన్నాక ఎలా రానిత్తాను,” అన్నాడు. “అమ్మని కాల్చిన కాడ కూడా దూరంగా నిల్చున్నాడు. నానే నిల్చోమన్నాను.”

తుప్పు తాళం ఎవరి గదికో ఇద్రీస్‌కి అప్పుడు అర్థమైంది. ఒక నోటు గురించి తప్పు చెప్పాననుకుని వచ్చాడు. ఒక తల్లి చివరి కోరిక, ఒక కొడుకు నెత్తిన వేసుకున్న దొంగతనం, ఆరేళ్లుగా తీయని తాళం, ఇవన్నీ తన వేలి చివర్నుంచి వచ్చాయా అని నిర్ఘాంతపోయాడు. సూరన్న తిడితే బాగుణ్ణనుకున్నాడు. కొట్టినా బాగుణ్ణే.

“పద, ఇద్దరం ఎల్దాం. నాను ఆడికి సెప్పుకుంటాను,” అని ఇద్రీస్ బతిమాలాడు. ఎప్పుడూ నాజూగ్గా మాట్లాడే అతని తెలుగు కూడా ఆ ముంగిట్లో సూరన్న తెలుగైపోయింది.

“నాను రాను. నీకు మీ ఉస్తాదు అబద్దం సెప్పినాడు, నువ్వు నమ్మినావు. నాకెవుడు అబద్దం సెప్పినాడు? ఆడు నిజమే సెప్పినాడు, అమ్మ మీద ఒట్టేసి మరీ. నానే ఇన్నేదు. ఏ మొగం ఎట్టుకుని రమ్మంతావు?” అన్నాడు సూరన్న.

గంగరాజు గాజువాకలో ఉంటున్నాడని జోగమ్మ ఆనవాలు చెప్పింది. ఇద్రీస్ నోటు పట్టుకుని బస్సు ఎక్కాడు. టిక్కెట్టు తీసుకుంటూ వెనక్కి చూస్తే, చివరి సీట్లో సూరన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఇద్రీస్ పలకరించలేదు. గాజువాకలో దిగాక సూరన్న బస్టాపు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

“నువ్వెల్లు. నాను ఇక్కడే కూకుంతాను,” అన్నాడు.

గంగరాజు ఇల్లు మూడు సందుల అవతల. భార్య చిలకమ్మ గడపలో కూర కోస్తోంది. అతను రాత్రి డ్యూటీ దిగి వచ్చి, మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఇద్రీస్ పేరు చెప్పగానే గంజి గిన్నె కింద పెట్టాడు. ఇద్రీస్ గడప బయటే నిలబడి నోటు చూపించి, ఉస్తాద్ కథ కూడా ఎత్తకుండా ఒకే ముక్క చెప్పాడు. నోటు అసలుదని, తనే తప్పు చెప్పానని, గంగరాజు ఏ తప్పూ చెయ్యలేదని.

గంగరాజు నోటు వంక చూడలేదు, అతన్నే చూశాడు.

“నాను సెయ్యనేదని నాకు తెల్దా బావా?” అన్నాడు మెల్లిగా. “ఇది నాకు సెప్పడానికొచ్చినావా?”

ఇద్రీస్ తల వంచుకున్నాడు. నిజమే కదా. ఆ మాట తెలియాల్సినవాడు గంగరాజు కాదు.

“అన్నకి సెప్పినావా?”

“సెప్పినాను.”

“ఏటన్నాడు?”

“ఏటీ అన్నేదు. నాతో బస్సెక్కి వచ్చినాడు. టీ కొట్టు కాడ కూకున్నాడు. నీ కాడికి రానేకపోతన్నాడు.”

గంగరాజు లేచాడు. చొక్కా కోసం చిలక్కొయ్య వైపు చెయ్యి చాపి, అందుకోకుండానే గడప దాటాడు. చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి. బనీనుతో, ఉత్త కాళ్లతో, మూతి మీద గంజి కూడా తుడుచుకోకుండా సందు మలుపు తిరిగాడు. అక్కడి నుంచి పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

ఇద్రీస్ నోటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. చిలకమ్మ కత్తిపీట మడిచి లేచింది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ నోటు పేరు చెప్పి ఎవరు నవ్వినా తల దించుకుని వచ్చిన మనిషి. దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా, వంగి దాని వంక చూసింది.

“ఇదేనా బాబూ ఆ నోటు? మంచిదేనా?” అని అడిగింది.

“మంచిదేనమ్మా,” అన్నాడు ఇద్రీస్. తెగని గీతలు ఆమెకి కనపడేలా నోటుని ఎండకి పెట్టాడు.